ప్రమాదం నుంచి బయటపడిన మనిషిని పలకరించడానికి వచ్చేవారికి ఏమని చెప్పాలి?

చీమకుర్తి బావమరిది (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. మా అక్కను చీమకుర్తిలో ఇచ్చాము. బావగారు అక్కడొక గ్రానైటు క్వారీలో సూపర్‌వైజరుగా పనిచేసేవారు. మొన్న సంక్రాంతికి ముందు క్వారీలో రాతి చరియ విరిగిపడి, ఆయన పక్కనే నిలబడి మాట్లాడుతున్న డ్రిల్లరు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. బావగారికి భుజం ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ మనిషి మాత్రం మునుపటి మనిషి కాలేదు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి తెల్లవార్లూ కూర్చుంటారు. ముడిరాయి వేసుకున్న లారీ వీధిలో వెళ్లి నేల కాస్త అదిరితే చాలు, ఆయన చెయ్యి దానంతట అదే గుమ్మాన్ని పట్టుకుంటుంది. వంటింట్లో కుక్కరు కూత వేసినా అంతే.

నేను అడగదలచుకున్నది వైద్యం గురించి కాదు, ఇంటికి వచ్చేవారి గురించి. దర్శి నుంచి, అద్దంకి నుంచి, సంతనూతలపాడు నుంచి బంధువులు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అందరూ అభిమానంతో వచ్చేవారే, పండ్లూ హార్లిక్సూ తెచ్చేవారే. అయితే కూర్చోగానే మొదటి మాట, "ఎట్టా జరిగిందబ్బయా?" ఆ తరువాత, "నువ్వు ఎంత దూరాన ఉండావు? వాడు ఏమన్నా మాట్లాడాడా? నీకు ముందే తెలియలా?" బావగారు సౌమ్యుడు. పెద్దవాళ్లు అడిగితే చెప్పకుండా ఉండలేరు. చెబుతారు. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోతారు. ఆ రాత్రి ఇక ఆయనకు నిద్ర ఉండదు. ఒకాయన అయితే ఎవరో తీసిన వీడియోను తన ఫోనులో చూపించి, "ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగాడు.

వచ్చేవారిని కొంతకాలం ఆపుదామని నేనంటే, బావగారి నాన్నగారు ఒప్పుకోవడం లేదు. "ఇంటికొచ్చిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టే వంశం కాదు మనది" అంటారు. ఆయన బాధా నాకు అర్థమవుతుంది. మర్యాద పేరుతో జరిగే పలకరింపు మనిషిని కుంగదీస్తున్నప్పుడు, మర్యాద తప్పకుండానే దాన్ని ఎలా మార్చుకోవాలి? వచ్చినవారు ఎలా మసలుకుంటే దెబ్బతిన్న మనసుకు నిజంగా ఊరట కలుగుతుంది?

ఇంకొక చిక్కు కూడా ఉంది. చనిపోయిన కుర్రవాడి తల్లి దర్శి దగ్గర పల్లెలో ఉంటుంది. "నా బిడ్డ ఆఖరి మాట ఏందో ఆ అయ్యను ఒక్కసారి అడగాల" అని రెండుసార్లు కబురు పంపింది. ఆమెను రమ్మనాలో వద్దనాలో మాకెవరికీ పాలుపోవడం లేదు.

పెన్నగట్టు నర్సు (జవాబు)

నేను నెల్లూరులో మానసిక చికిత్సా విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను కనుక, రోజూ వార్డులో చూసేదీ మాకు శిక్షణలో నేర్పినదీ మాత్రమే చెబుతాను.

ప్రాణభయం కలిగించిన ఘటన మామూలు జ్ఞాపకంలా పాతబడదు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం, నేల అదరడమో పెద్ద శబ్దమో ఎదురైతే చాలు, ఆ చరియ ఇప్పుడే పడుతోందన్నట్టు శరీరాన్ని సిద్ధం చేస్తుంది. మీ బావగారి చెయ్యి గుమ్మాన్ని పట్టుకునేది అందుకే. దాన్ని పిరికితనం అనకూడదు, మొండితనమూ అనకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే వ్యాధుల వర్గీకరణలో పీటీఎస్‌డీ అనే ఈ స్థితికి మూడు ముఖ్య లక్షణాలు చెప్పారు: జరిగినది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనుభవించడం, దాన్ని గుర్తుచేసే వాటికి దూరంగా పారిపోవడం, ఎప్పుడూ ఏదో ముప్పు పొంచి ఉన్నట్టు అప్రమత్తంగా ఉండటం.

ఆ క్షణంలో ఆయన చేతిలో ఏమీ లేకుండా పోయింది. ఏం జరగబోతోందో తెలియలేదు, ఆపడానికి వీలు లేదు, తప్పుకునే వ్యవధి లేదు. కోలుకోవడం అంటే చాలావరకు ఈ మూడూ ఆయన చేతికి మళ్లీ రావడమే. ఇక్కడే మర్యాదకు పని ఉంది. వచ్చే ముందు ఫోను చేసి వీలు కనుక్కోవడం, వెనకనుంచి భుజం తట్టకుండా ఎదురుగా వచ్చి పలకరించడం, ఎక్కడ కూర్చోమంటారని అడగడం, ఒక పావుగంట ఉండి వెళతామని ముందే చెప్పి అలాగే వెళ్లిపోవడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ ఒక్కొక్కటీ, "ఇక్కడ మీకు తెలియకుండా ఏదీ జరగదు, మీరు వద్దంటే ఆగుతుంది" అని ఆయన శరీరానికి తెలియజేస్తుంది. మాటలతో ఎన్నిసార్లు ధైర్యం చెప్పినా శరీరం నమ్మదు. నడవడి చూసి నమ్ముతుంది.

"చెప్పుకుంటే బరువు దిగుతుంది కదా" అని చాలామంది అంటారు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. విపత్తు జరిగిన వెంటనే బాధితులందరినీ కూర్చోబెట్టి, జరిగినది పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి 1980ల నుంచి చాలా దేశాల్లో వాడుకలో ఉండేది. తరువాత పరీక్షించి చూస్తే, ఒక్క విడతలో అలా చెప్పించడం వల్ల తరువాతి జబ్బు ఆగడం లేదని, కొందరిలో ఎక్కువైందని కూడా తేలింది. అందుకే 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని సంస్థలతో కలిసి ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో, పరిస్థితిని చూడండి, చెప్పుకుంటే వినండి, కావలసిన సహాయానికి కలపండి అన్నారు తప్ప, చెప్పమని ఒత్తిడి చేయవద్దన్నారు. చికిత్సలో కూడా జరిగినదాన్ని చెప్పిస్తారు, నిజమే. కానీ అక్కడ ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో రోగికి తెలుసు, ఆపిన తరువాత మనసు కుదుటపడేదాకా చికిత్సకుడు పక్కన ఉంటాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి బస్సుకు వెళ్లిపోయే చుట్టం ముందు చెప్పడం అటువంటిది కాదు.

అయితే మనుషులను పూర్తిగా ఆపేయమని నేను చెప్పను. చుట్టూ ఆదరణ కరువైనవారిలో ఈ జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని పరిశోధనల్లో పదేపదే తేలింది. రావాలి, కానీ పద్ధతి మారాలి. ఈ పని మీ అక్కగారి నెత్తిన వేయకుండా మీరే చేయండి. వచ్చినవారికి వాకిట్లోనే కాళ్లకు నీళ్లిచ్చేటప్పుడు, "మిమ్మల్ని చూస్తే బావగారు సంతోషిస్తారు. ప్రమాదం సంగతి మాత్రం డాక్టరు గారు కదిలించవద్దన్నారు, మిగతా కబుర్లు ఎన్నైనా చెప్పండి" అనండి. నెపం డాక్టరు మీద పడుతుంది కనుక ఎవరూ నొచ్చుకోరు. ఆ మాట అబద్ధం కాకుండా ఉండాలంటే ముందు డాక్టరును కలవాలి మరి! నెల దాటినా నిద్ర, ఉలికిపాటు ఇలాగే ఉన్నాయంటే కలవవలసిన సమయం వచ్చిందనే అర్థం. బాధాకర అనుభవం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ సరిదిద్దే మాటల చికిత్స), కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే చికిత్సలు ఉన్నాయి, వీటివల్ల చాలామందికి గుణం కనిపిస్తుంది. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేయవద్దు. ముందుగా ఫోనులో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416కు ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ సేవ అది, రుసుము ఏమీ ఉండదు.

కొత్తపట్నం మాస్టారు (జవాబు)

నాయనా, నర్సమ్మగారు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. కానీ తప్పంతా మన పలకరింపుల ఆచారానిదే అన్న భావం ఈ చర్చలో కలుగుతున్నది గనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మన పల్లెల్లో చావు జరిగిన ఇంటికి వెళ్లేవారు ఏం చేస్తారో ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కనుక దగ్గరివాళ్లు అన్నం వండి తెస్తారు. వచ్చినవారు ఇంటివాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటారు. ఏడ్చేవారిని ఏడవనిస్తారు. లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనరు, చెప్పకుండానే లేచి వెళతారు. ఆ ఇంటి మనిషి ఎవరికీ ఎదురురావలసిన పని లేదు, సాగనంపవలసిన పనీ లేదు. అంటే దుఃఖంలో ఉన్నవాడి మీదినుంచి లోకమర్యాద భారాన్ని ఆచారమే దించేస్తున్నది. ఆ పద్ధతిలో ప్రశ్నలకు చోటు లేదు. మరి ప్రశ్నలు ఎక్కడినుంచి వచ్చాయి? చావును తప్పించుకుని ఇంటికి వచ్చిన మనిషి విషయంలో ఎలా నడుచుకోవాలో మనకు ఆచారం స్థిరపడలేదు. చావు ఇల్లు కాదు, శుభకార్యమూ కాదు. ఏం మాట్లాడాలో తోచని మనిషి ఆ ఖాళీని ప్రశ్నలతో నింపుతాడు. కుతూహలం కొంత, బెరుకు కొంత. కాబట్టి వారిని ఆపవద్దు, ఆ ఖాళీలో చేయడానికి ఏదో ఒకటి వారి చేతికి ఇవ్వండి. ఒకరిని మందులు తెమ్మనండి. ఒకరిని సాయంత్రం ఆయనతో పాటు చెరువుకట్ట దాకా నడవమనండి. పొగాకు వేలంలో ఏ రేటు పలికిందో, ఎవరి పంటకు ఏ తెగులు తగిలిందో మాట్లాడమనండి. నిన్నటిలాగే లోకం నడుస్తున్నదని వినడం కూడా ఆ మనిషికి అవసరమే.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఆ సునామీ మన ప్రకాశం, నెల్లూరు తీరాలను కూడా తాకిందని ఇప్పటి పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతున్నారు. అప్పట్లో నేను పనిచేసే బడి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లకు కొన్నాళ్లపాటు నీడ అయింది. బెంచీలు ఒక మూలకు చేర్చి కుటుంబాలు నేలమీద పడుకునేవి. సహాయం తెచ్చినవారు చాలామంది వచ్చారు, చేతులెత్తి నమస్కరించాలి. కానీ రకరకాల మనుషులు. ఒక లారీవాళ్లు కిందికి దిగకుండా పైనుంచే పాత బట్టల మూటలు విసిరారు. ఆడవాళ్లు వాటిని ముట్టుకోలేదు, మూడో రోజుకు గాలికి ఎగిరి ముళ్లకంపకు తగులుకున్నాయి. ఒక అధికారి మాత్రం తరగతి గది గడప దగ్గర బూట్లు విప్పి, "లోపలికి రావచ్చునా అమ్మా?" అని అడిగి, ఒక ముసలామె "రా నాయనా" అన్న తరువాతే లోపల అడుగుపెట్టాడు. కింద కూర్చుని పుస్తకంలో పేర్లు రాసుకున్నాడు. పేరుతో పాటు వారి పడవ పేరు కూడా అడిగి రాసుకున్నాడు. ఆ గది ఆ రోజులకు వాళ్ల ఇల్లు అని ఆయనకు తట్టింది. బియ్యం ఎవరు ఎన్ని కిలోలు ఇచ్చారో మరచిపోయినవాళ్లు కూడా ఆ బూట్ల సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

మీ బావగారి తండ్రిగారి మాటను తోసేయవద్దు. పాతకాలం మనిషి అని పక్కన పెడితే ఆయన మరింత పట్టుబడతాడు. అరుగు మీద కుర్చీ వేయించి, వచ్చిన ప్రతివారినీ ముందు ఆయనే కూర్చోబెట్టి పలకరించే బాధ్యత అప్పగించండి. జరిగినదాన్ని ఎవరికైనా చెప్పవలసి వస్తే ఆ పెద్దాయనే రెండు మాటల్లో చెబుతారు. వంశమర్యాద నిలబడుతుంది, లోపలి మనిషికి ఆ పని తప్పుతుంది.

కావలి ప్రయాణికుడు (జవాబు)

నేను మీ బావగారి వైపు నుంచి రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి బస్సు బోల్తాపడినప్పుడు నేను అందులో ఉన్నాను. నా ముందు సీటులో ఉన్నవారు బతకలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను, బస్సులు ఎక్కుతున్నాను, పక్కకు ఒరిగి నిద్రపోను గానీ.

పైన చెప్పిన ప్రశ్నలు ఎంత బాధించాయో, వాటికి విరుద్ధమైనది కూడా నన్ను అంతే బాధించింది. మా ఇంట్లో టీవీలో ప్రమాదం వార్త వస్తే చటుక్కున ఛానలు మార్చేవారు. నేను గదిలోకి రాగానే మాటలు ఆగేవి. పసిపిల్లవాడితో మాట్లాడినట్టు గొంతు తగ్గించి, సాగదీసి మాట్లాడేవారు. మీ ఇంట్లో "ప్రమాదం మాట ఎత్తవద్దు" అన్నది కట్టుబాటుగా మారితే, రేపు ఆయనకే చెప్పుకోవాలనిపించినప్పుడు నోరు తెరవడానికి సంకోచిస్తారు. మాట ఎత్తే హక్కు ఆయనది, ఎత్తించే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లోవాళ్లకు ఈ తేడా తెలియాలి. నా స్నేహితుడొకడు ఒకే ఒక్కసారి అన్నాడు: "నువ్వు చెప్పాలనుకుంటే వింటాను, చెప్పకపోయినా వస్తాను." ఆ తరువాత ఆదివారాలు వచ్చి మా ఇంట్లో క్యారమ్స్ ఆడి వెళ్లేవాడు. చాలాకాలానికి ఒక రోజు ఆట మధ్యలో నేనే చెప్పడం మొదలుపెట్టాను. వాడు స్ట్రైకరు పక్కన పెట్టి విన్నాడు, మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు.

బయటివాళ్లలో నాకు ఎక్కువ మేలు చేసినది మా వీధిలో క్షవరం చేసే ఆయన. ప్రమాదం తరువాత మొదటిసారి వెళ్లినప్పుడు, మెడమీద కత్తెర తగలగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన ఏమిటని అడగలేదు, నవ్వలేదు. కుర్చీని అద్దానికి ఎదురుగా సరిచేసి, "ఇప్పుడు ఎడమవైపు వస్తున్నానయ్యా", "ఇప్పుడు వెనక మిషను పెడుతున్నా, శబ్దం వస్తుంది" అని ప్రతిదీ ముందుగా చెప్పి చేశాడు. వేరే గిరాకీ ఎదురుచూస్తున్నా తొందరపడలేదు. ఇప్పటికీ అలవాటుగా అలాగే చెబుతాడు, నేను వద్దని అనలేదు.

అనకూడని మాటలు కొన్ని చెప్పమంటే, "నువ్వు అదృష్టవంతుడివి" అన్నది మొదటిది. పక్కవాడు పోయినప్పుడు అదృష్టం అన్న మాట చెవికి ఎంత చేదుగా ఉంటుందో అనేవారికి తెలియదు. "ఇంకా అదే తలుచుకుంటున్నావా" అన్నది రెండోది. తలుచుకోవడం నా చేతిలో ఉంటే కదా! "భగవంతుడు నిన్ను ఏదో పనికోసం బతికించాడు" అన్నవారికి నేను జవాబు చెప్పలేకపోయేవాణ్ణి.

మీ బావగారికి కూడా ఒక మాట ముందే నేర్పి ఉంచండి: "ఇప్పుడు ఆ సంగతి వద్దండీ, మరెప్పుడైనా చెబుతాను." ఒకసారి అద్దం ముందు నిలబడి పైకి అనమనండి. పెద్దవాళ్ల ముందు కాదనలేని మనిషికి మర్యాదగా కాదనే మాట ఒకటి సిద్ధంగా ఉండాలి. అది నాకు చాలాకాలం అక్కరకు వచ్చింది.

ఒంగోలు వకీలమ్మ (జవాబు)

ఇంతమంది ఇన్ని చెప్పారు, వచ్చిన ప్రతివారికీ కాఫీలు కలిపే అక్కగారి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఆ రాత్రులన్నీ మేలుకునే ఉంటుంది. భర్త ఉలిక్కిపడినప్పుడు మొదట పట్టుకునేది ఆమే, విసుక్కున్నప్పుడు పడేదీ ఆమే. వచ్చినవారు ఒక పూట కూర తెస్తే, పిల్లలు ఉంటే వాళ్లను కాసేపు తమ ఇంటికి తీసుకెళితే ఆమెకు ఊపిరి ఆడుతుంది. దెబ్బతిన్న మనిషికి చుట్టూ ఉన్నవారు ఓర్పు చూపాలి, నిజమే. అయితే ఇంటి ఇల్లాలిని కసరడానికి ఆ దెబ్బ ఒక అనుమతి పత్రం కాకూడదు. ఈ మాట ఆయనకు డాక్టరు చేత చెప్పించండి.

ఇక నా వృత్తికి సంబంధించిన విషయం. ఇది గని ప్రమాదం, ప్రాణం పోయింది కనుక పోలీసులు, గనుల భద్రతా శాఖవారు, పరిహారం వ్యవహారం చూసేవారు తలా ఒకసారి ఆయన వాంగ్మూలం అడుగుతారు. అడగడం వారి విధి. కానీ ఎలా అడగాలో చట్టమే కొంతవరకు చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 179వ సెక్షను ప్రకారం, తీవ్ర అనారోగ్యంతో ఉన్న సాక్షిని పోలీసులు స్టేషనుకు రమ్మని బలవంతపెట్టకూడదు, ఉన్నచోటికే వచ్చి అడగాలి. ఆయన విషయంలో డాక్టరు ధృవపత్రం చేతిలో ఉంటే ఇది అడగడం తేలిక. పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో 2012 పోక్సో చట్టం మరింత ముందుకు వెళ్లింది. బిడ్డ దగ్గర వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫారంలో ఉండకూడదు. బిడ్డను కోర్టుకు మళ్లీ మళ్లీ పిలిపించకూడదు. దబాయించి అడగడాన్ని న్యాయమూర్తి అనుమతించకూడదు. మనుషులు తమంతట తాము పాటించని మర్యాదను చట్టసభలు సెక్షన్లుగా రాయవలసి వచ్చిందని నేను అనుకుంటాను. పెద్దవాళ్ల కేసులకు ఆ నియమాలు వర్తించవు గానీ, అడిగే అధికారికి వినయంగా గుర్తుచేస్తే చాలామంది ఒప్పుకుంటారని నా అనుభవం.

చేయవలసినది ఇది. ఆయనకు ఓపిక ఉన్న రోజున, తేదీ వేసి, జరిగినదంతా ఒక్కసారి కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. ఎవరు అడిగినా ముందు దాని నకలు ఇచ్చి, అందులో లేనిదేమైనా ఉంటే మాత్రమే అడగమని కోరండి. మధ్యలో లేచి బయటికి వెళ్లి రావడానికి వీలుండాలని ముందే చెప్పండి. ఆ వీడియో సంగతికి వస్తే, అది ఏయే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందో కనుక్కుని తీసేయమని అడగండి. చనిపోయిన కుర్రవాడి తల్లి కంట పడకూడదన్న ఒక్క కారణం చెబితే చాలు.

చీమకుర్తి బావమరిది

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టే పెద్దాయనకు అరుగు మీద కుర్చీ వేయించాము. మొదటి రోజు గొణిగారు, రెండో రోజుకల్లా, "లోపల వాడు పడుకున్నాడు, నాతో చెప్పు" అని ఆయనే అందరినీ ఆపుతున్నారు. ఇప్పుడు ఆయన దగ్గరనుంచి కదలరావడమే చుట్టాలకు కష్టంగా ఉంది! ఒంగోలులో మానసిక వైద్యుణ్ణి కలిశాము, చికిత్స మొదలైంది. వీధిలో టీకొట్టు ఆయన బెంచీని గోడవైపు జరిపి, బావగారి వీపు గోడకు ఆనేటట్టు వేశాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనే గమనించాడట.

ఆ తల్లి సంగతి ఇంకా తేలలేదు. నేను బావగారిని నేరుగానే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆమె రావడమేమిటి, నేను పోవాలి గదా. ఏం ముఖం పెట్టుకుని పోయేది?" అన్నారు.

పెన్నగట్టు నర్సు

ఆ తల్లిని చుట్టపుచూపుగా వచ్చి అడిగేవారితో కలపకూడదు. ఆమె అడుగుతున్నది కుతూహలంతో కాదు, తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది. మీ బావగారు అన్న మాటలో, తాను బతికి వాడు పోయాడన్న అపరాధభావం కనిపిస్తోంది. ప్రమాదాల్లో బయటపడినవారిలో ఇది చాలా తరచుగా చూస్తాము. వెళ్లడం ఆయనకు మేలు చేసే అవకాశం ఉంది, సమయం కాని సమయంలో వెళితే దెబ్బతీసే అవకాశమూ ఉంది. అందుకని తేదీ ఆయనా డాక్టరూ కలిసి నిర్ణయించుకోవాలి. ఏం చెప్పాలో ముందే ఆలోచించుకోమనండి. ఓదార్పు కోసం లేని ఆఖరి మాటలు కల్పించవద్దు, అవి తరువాత ఆయన్నే వేధిస్తాయి. అలాగని శరీరానికి ఏమైందో వర్ణించనక్కరలేదు. ఆ ఉదయం ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, కుర్రవాడు పనిలో ఎలా ఉండేవాడో, తల్లి గురించి ఎప్పుడైనా ఏమన్నాడో చెబితే చాలు. ఆమె పక్కన ఆమె మనిషి ఒకరు, ఆయన పక్కన మీరు ఉండండి. ఇక లేద్దామని ఆయన అనుకున్నప్పుడు మీకు తెలిసే సైగ ఒకటి అనుకుని పెట్టుకోండి. ఈలోగా ఆమెకు జవాబు లేకుండా ఉంచవద్దు. "ఆయనే వస్తారు, ఆరోగ్యం కొంచెం కుదుటపడాలి" అని కబురు పంపండి. పిలుపుకు బదులు రాకపోవడం ఆ తల్లికి మరో గాయం.

కొత్తపట్నం మాస్టారు

"నేను పోవాలి గదా" అన్నాడంటే ఆ మనిషికి పద్ధతి తెలుసు. పక్కనే ఉన్నవాడు పోతే ఆ ఇంటికి వెళ్లి కూర్చోవలసినది ముందు తానే. భుజానికి కట్టుతో ఉండి కర్మకు వెళ్లలేకపోయి ఉంటాడు. అది బాకీగా మిగిలి ఉంటుంది. ఏం ముఖం అంటున్నాడు గాని, అక్కడ ముఖం చూసేవారు ఉండరు. ఉదయం పూట వెళ్లండి. పండ్లు చాలు, స్వీటు పొట్లం వద్దు. ఇంటి ముందు కారు హారను మోగించకుండా కాస్త దూరంలో దిగి నడవండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, ఈయనకు ఏడుపు వస్తే మీరు అడ్డుపడవద్దు. లేచేటప్పుడు మన మామూలు పద్ధతే.

ఒంగోలు వకీలమ్మ

ఒక ముఖ్యమైన విషయం. ఆమె వితంతువైతే పరిహారం చట్టం ప్రకారం కొడుకు మీద ఆధారపడిన వ్యక్తుల కిందికి వస్తుంది, మీ బావగారి వాంగ్మూలం ఆమె కేసుకు బలం. అయినా ఆ రోజు పరిహారం కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లకండి, సంతకాల ప్రస్తావనే తేవద్దు. ఆ పనికి ఇంకొక రోజు పెట్టుకుందాము, దర్శికి నేనే వస్తాను. ఆమెకు ఎప్పుడు వీలో, పక్కన ఎవరు ఉంటే బాగుంటుందో మాత్రం మీరు కనుక్కుని చెప్పండి.